మంచు పడలేదు, జింకలు దిగలేదు: ఈసారీ ఖాళీ చేతులేనా అన్నా?

ప్రశ్న: అన్నా, మాది మార్కాపురం, ఇప్పుడు యూటాలో లీహై దగ్గర ఉంటున్నాను. గ్రీన్ కార్డ్ వచ్చాక హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేసి, పోయిన ఏడాది మొదటిసారి మ్యూల్ డీర్ అనే జింకల రైఫిల్ సీజన్‌కి ఫిష్‌లేక్ అడవి వైపు వెళ్ళాను. అక్టోబర్ మూడో వారంలో కూడా మధ్యాహ్నం 70 డిగ్రీల ఫారెన్‌హీట్, టీషర్ట్ మీద తిరిగాం. నాలుగు రోజుల్లో తెల్లవారుజామున నాలుగు ఆడజింకలు తప్ప ఏమీ కనపడలేదు. ఆఫీసులో వేటకెళ్ళే వాళ్ళంతా "మంచు పడితేగానీ కిందికి రావు" అంటారు, మేమేమో కిందనే కూర్చున్నాం. ఈ ఏడాది కూడా పర్మిట్ వచ్చింది, వాతావరణం చూస్తే మళ్ళీ అదే వరస. వేడిగా ఉంటే ఇవి రాత్రిళ్ళే తిరుగుతాయా? ఎదకు వచ్చే కాలం కూడా వెనక్కి జరుగుతుందా? అసలు వెళ్ళాలా, మానేయాలా? ఇంకోటి మా ఆవిడ ప్రశ్న: ఎండలో కొట్టిన మాంసం ఇంటికి వచ్చేసరికి పాడైపోదా, కూర వాసన రాదా అని.

సమాధానం:

తమ్ముడూ, వెళ్ళు. పర్మిట్ జేబులో పెట్టుకుని చలి కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే సీజన్ అయిపోతుంది, ఆ తర్వాత వారానికి మంచు పడుతుంది, నాకు రెండుసార్లు అలాగే జరిగింది. పోయినేడు నీకు జింకలు కనపడకపోవడానికి వేడి ఒక కారణమే గానీ అసలు కారణం అది కాదని నీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. "మంచు పడితేగానీ కిందికి రావు" అని అందరూ చెప్పారు, మంచు పడలేదు, అయినా నువ్వు కిందనే కూర్చున్నావు. కింద అయితే బండి దగ్గరే ఉంటుంది కదా, కాఫీ ఫ్లాస్కు కూడా. నేనూ మొదటి మూడేళ్ళు అదే పని చేశాను కాబట్టి నిన్ను తిట్టే హక్కు నాకు లేదు.

ముందు ఆ జంతువు ఒంటి సంగతి చూద్దాం, మిగతా అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. నువ్వు మార్కాపురం వాడివి, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్తుంటే దుప్పులు ఎన్నోసార్లు కనపడి ఉంటాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అవి ఎక్కడ ఉంటాయి? వాగు పక్క నీడలో. మ్యూల్ డీర్ కూడా అంతే, కాకపోతే దానికి ఇంకో కష్టం ఉంది. వేసవిలో దాని ఒంటి మీద ఎర్రటి పలుచని వెంట్రుక ఉంటుంది, సెప్టెంబర్ దాటేసరికి అది పోయి బూడిదరంగు చలికాలపు కోటు వచ్చేస్తుంది: పైన లోపల బోలుగా ఉండే బిరుసు వెంట్రుకలు, వాటి అడుగున మెత్తని ఉన్ని. ఈ కోటు మార్చుకోవడం పగటి పొడుగుని బట్టి జరుగుతుంది, "ఈ ఏడాది ఎండలు ఇంకా తగ్గలేదు, కోటు తర్వాత వేసుకుందాం" అనుకునే వీలు జింకకి లేదు. అంటే 70 డిగ్రీల అక్టోబర్ మధ్యాహ్నం దానికి ఎలా ఉంటుందంటే, మన వైపు మే నెలలో రగ్గు కప్పుకుని బస్సు కోసం నిలబడ్డట్టు. పైగా చలికాలం కోసం పెంచుకున్న కొవ్వు కూడా ఒంటి మీద ఉంది. ఇక అది పగలు ఎందుకు తిరుగుతుంది? నీడ చూసుకుని పడుకుంటుంది, చల్లబడ్డాక లేచి మేస్తుంది.

రాత్రిళ్ళే తిరుగుతాయా అని అడిగావు కదా. చాలావరకు అవును, కానీ పూర్తిగా కాదు, ఆ తేడాలోనే నీ వేట ఉంది. చల్లటి ఏడాదిలో పొద్దున 10 దాకా ఎండ తగిలే వాలు మీద మేస్తూ కనపడే జింక, వేడి ఏడాదిలో సూర్యుడు ఆ వాలుకి తగలకముందే చెట్లలోకి వెళ్ళిపోతుంది. సాయంత్రం 5కే బయటికి రావలసింది చీకటి పడే అరగంట ముందు వస్తుంది. ఫిష్‌లేక్ దగ్గర అక్టోబర్ 20 ప్రాంతంలో సూర్యోదయం సుమారు 7:40, అస్తమయం 6:30 ఆ ప్రాంతం, యూటాలో కాల్చడానికి అనుమతి ఉన్న సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకా. లెక్క వేసుకుంటే వేడి రోజున జింక తనంతట తాను బయట తిరుగుతూ నీకు దొరికే సమయం పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. నువ్వేమో ఏడున్నరకి బండి దిగి ఉంటావు, అవునా? ఆ ఆడజింకలు కూడా దారిలో ఎదురుపడ్డవే అయి ఉంటాయి. నువ్వు కూర్చునే చోటికి 6:45కల్లా చేరి, చెమట ఆరి, బైనాక్యులర్ స్టాండ్ మీద పెట్టి సిద్ధంగా ఉండాలి, అంటే చీకట్లోనే ఎక్కాలి, అంటే ముందురోజు సాయంత్రమే ఆ దారి ఒకసారి నడిచి చూసుకోవాలి.

ఎద కాలం సంగతి. ఇది వెనక్కి జరగదు. ఎదకు రావడం కూడా పగటి పొడుగు తగ్గడాన్ని బట్టే మొదలవుతుంది, ఎక్కువగా నవంబర్ మధ్య నుంచి జోరుగా ఉంటుంది, చలి ఉన్నా లేకున్నా. వేడి ఉంటే జరిగేది ఏమిటంటే, ఆ తిరుగుడు కూడా ఎక్కువగా రాత్రి పూట జరిగి మనకి కనపడదు, అప్పుడు మనం "ఈసారి రట్ (ఎద) ఆలస్యం" అని చెప్పుకుంటాం. నీ సీజన్ అక్టోబర్‌లోనే అయిపోతుంది కాబట్టి అది నీకు పెద్దగా పనికొచ్చే విషయం కూడా కాదు. కొలరాడోలో నవంబర్ దాకా సాగే రైఫిల్ సీజన్లు ఉన్నాయి, అక్కడ పర్మిట్ దొరికిన వాళ్ళు మాట్లాడుకునే మాటలు విని యూటా అక్టోబర్‌లో మగజింక ఆడదాని వెంట పిచ్చిగా పరిగెత్తుకుంటూ వస్తుందని కూర్చోకు. నీ సీజన్‌లో పెద్ద మగజింకకి ఉన్న పనులు మూడు: తినడం, నీడలో పడుకోవడం, మనుషులకి దూరంగా ఉండడం. మూడోదాన్ని తక్కువ అంచనా వేయకు, సీజన్ మొదటి శనివారం వేటగాళ్ళ ఆరెంజ్ చొక్కాలు కొండంతా పరుచుకున్నాక సగం జింకలు దాక్కునేది వేడికి కాదు, మనకి.

వలస గురించి మీ ఆఫీసు వాళ్ళు చెప్పింది తప్పు కాదు. కొండల మీద వేసవి గడిపి చలికాలానికి కిందికి దిగే మందలు చాలా ఉన్నాయి, వయోమింగ్‌లో రెడ్ డెజర్ట్ నుంచి హోబ్యాక్ దాకా సుమారు 150 మైళ్ళు నడిచే మందని హాల్ సాయర్ అనే పరిశోధకుడు రేడియో కాలర్లతో కనిపెట్టాడు, 2014లో ఆ సంగతి బయటికి వచ్చినప్పుడు వేటగాళ్ళే నోరు వెళ్ళబెట్టారు. అంత దూరం నడిచే జంతువు ఎప్పుడు బయలుదేరుతుంది? వసంతంలో పైకి వెళ్ళడం మంచు కరగడాన్నీ, కొత్త పచ్చిక మొలవడాన్నీ బట్టి ఉంటుంది. శరదృతువులో కిందికి రావడం మాత్రం ఒక్కో ఏడాది ఒక్కో తీరు, చలి, మంచు ఎప్పుడు వస్తే అప్పుడు. 2011లో కెవిన్ మాంటీత్, తోటి పరిశోధకులు కాలిఫోర్నియా సియెరా నెవాడా మ్యూల్ డీర్ మీద ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. ఇందులో వింతేమీ లేదు, పైన మేత దొరుకుతుంటే, నడవడానికి మంచు అడ్డం లేకపోతే, ఎండిపోయిన సేజ్‌బ్రష్ పొదల కోసం కిందికి ఎవరు దిగుతారు? రెండు అంగుళాల మంచు పడి మధ్యాహ్నానికి కరిగిపోతే అది కూడా లెక్కలోకి రాదు. మేత కప్పేసి నాలుగు రోజులు నిలిచే మంచు కావాలి.

అందుకే ఈసారి పైకి వెళ్ళు. ఫిష్ లేక్ అనే ఆ సరస్సు నీళ్ళే దాదాపు 8,800 అడుగుల ఎత్తులో ఉన్నాయి, నేను చెప్పే పైకి అంటే అంతకంటే ఇంకా పైకి, ఆస్పెన్ చెట్ల తోపులు అయిపోయి స్ప్రూస్, ఫిర్ చెట్లు మొదలయ్యే అంచు. అక్కడ నీడ ఉంటుంది, ఊటలు ఉంటాయి, ఆ చెమ్మకి అక్టోబర్‌లో కూడా కాస్త పచ్చగా ఉండే మొక్కలు దొరుకుతాయి. (ఎలాగూ ఆ వైపు వెళ్తున్నావు కాబట్టి దారిలో పాండో తోపు దగ్గర ఆగు, 106 ఎకరాల్లో సుమారు 47 వేల కాండాలు, అన్నీ ఒకే వేరు నుంచి వచ్చిన ఒకే ఆస్పెన్ చెట్టు. అంత పెద్ద చెట్టుకి దిగులు ఏమిటంటే కొత్త పిలకలు పైకి లేవకముందే కొరికేసే మ్యూల్ డీర్, పశువులు. అందుకే కొన్ని చోట్ల కంచె కట్టారు. ఆ కొరికిన పిలకలు చూస్తే జింక ఏ ఎత్తులో ఎలా మేస్తుందో నీకు ఉచితంగా పాఠం.)

పైకి వెళ్ళి ఎటు చూడాలి అన్నది ఇంకా ముఖ్యం. అక్టోబర్‌లో సూర్యుడు దక్షిణం వైపు వంగి ఉంటాడు, దక్షిణం వాలు పెనం లాగా కాగుతుంది, ఉత్తరం, ఈశాన్యం వాలులు చల్లగా ఉంటాయి. కాబట్టి జింక పొద్దుటి మేత ఎక్కడ మేసినా పడక మాత్రం ఎక్కువగా ఉత్తరం వైపు చూసుకుంటుంది, వాలు పై మూడో వంతులో, వెనక నుంచి గాలి తగిలేలా, ముందు కింద ఏముందో కనపడేలా. చెట్లు తక్కువ ఉన్న చోట అయితే రాతి గట్టు కింద, లేదా ఒంటరి జునిపర్ చెట్టు నీడలో. ఆ నీడ బల్ల అంత ఉంటే చాలు దానికి. నువ్వు ఎదుటి కొండ మీద కూర్చుని ఆ నీడల అంచుల్ని ఒక్కొక్కటీ బైనాక్యులర్‌తో వెతకాలి. మొత్తం జింక కోసం వెతకకు, కనపడదు. చెవి వెతుకు. దీనికి ఆ పేరు వచ్చిందే కంచరగాడిద చెవుల్లాంటి చెవుల వల్ల, ఈగ వాలితే ఆ చెవి ఒక్కసారి ఆడుతుంది, అర మైలు నుంచి కూడా దొరికిపోతుంది. నిలువు చెట్ల మధ్య అడ్డంగా ఉన్న గీత, తెల్లటి గొంతు మచ్చ, కొమ్ము కొన మీద మెరుపు, ఇవే నీకు దొరికేవి. బైనాక్యులర్ చేత్తో పట్టుకుంటే ఇవేవీ కనపడవు, ఒక చవక ట్రైపాడ్ అయినా కొను, తుపాకి మీద పెట్టే డబ్బులో కొంత దానికి మళ్ళించినా పరవాలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం సంగతి, చాలామంది వదిలేసేది ఇదే. 10 అయ్యేసరికి అందరూ క్యాంపుకి వెళ్ళి పడుకుంటారు, మీరూ అదే చేసి ఉంటారు. కానీ నీడ కదులుతుంది కదా! పొద్దున నీడలో పడుకున్న జింక మీదకి 11, 12 అయ్యేసరికి ఎండ వచ్చేస్తుంది, ఆ కోటుతో అది ఎండలో ఉండలేదు, లేచి ఒళ్ళు విరుచుకుని, నాలుగు కొమ్మలు కొరికి, పది గజాలు పక్కకి జరిగి మళ్ళీ పడుకుంటుంది. రెండు మూడు నిమిషాలు పట్టే పని అది. ఆ రెండు నిమిషాలు నీ కళ్ళు ఆ వాలు మీద ఉంటే వేడి నీకు సాయం చేసినట్టే, చల్లటి రోజున అది మధ్యాహ్నం అంతా కదలకుండా పడుకునేది. నేను ఇప్పటిదాకా కొట్టిన వాటిలో నాకు బాగా గుర్తున్న మగజింక మధ్యాహ్నం పన్నెండున్నరకి అలా లేచిందే, నా చేతిలో అప్పుడు పులిహోర డబ్బా ఉంది, చెంచా ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

దొరికాక దాని మీదకి నడవడం వేడి ఏడాదిలో నరకం. వాన లేక ఆస్పెన్ ఆకులు ఎండిపోయి అడుగు వేస్తే అప్పడాల కట్ట మీద నడిచినట్టు ఉంటుంది, అవతల ఉన్నవి కంచరగాడిద చెవులు. కాబట్టి తక్కువ నడువు, ఎక్కువ కూర్చో. నడవక తప్పకపోతే పశువుల బాట, రాళ్ళు, సూదుల్లాంటి ఆకులు పరుచుకున్న స్ప్రూస్ నేల ఎంచుకో. ఇక గాలి. ఇది ఎండ ఉన్న రోజుల్లో గడియారంలా పనిచేస్తుంది: తెల్లవారుజామున చల్లటి గాలి వాలు మీద నుంచి కిందికి జారుతుంది, ఎండ తగిలి నేల వేడెక్కాక పైకి ఎక్కుతుంది, సాయంత్రం నీడ పడగానే మళ్ళీ కిందికి. మారే సమయంలో ఒక అరగంట అటూ ఇటూ తిరుగుతుంది, ఆ అరగంట ఎక్కడున్నావో అక్కడే కదలకుండా ఉండు. వాసన లేని పౌడర్ చిన్న సీసాలో పెట్టుకుని కాస్త ఊదుతూ చూసుకో. (వాసన లేనిది అన్నాను, ఇంట్లో ఉన్న టాల్కం పౌడర్ తెచ్చిన మిత్రుడు ఒకడున్నాడు, కొండంతా గంధం.)

నీళ్ళ దగ్గర కాపలా కాయమని కూడా కొందరు చెప్తారు. ఎండిపోయిన ఏడాదిలో అది పనిచేస్తుంది, ముఖ్యంగా సాయంత్రం, కానీ మ్యాపులో పేరున్న పెద్ద చెరువు దగ్గర కాదు, వాలు మధ్యలో బురదగా ఊరే చిన్న ఊట దగ్గర, అడుగుజాడలు తాజాగా ఉంటేనే. నీటి పక్కనే టెంట్ వేసే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, వాళ్ళకీ దొరకదు, ఆ జంతువులకీ నీళ్ళు దొరకవు. ట్రైల్ కెమెరా (జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసేది) పెట్టి చూద్దామని అనుకోవచ్చు, యూటాలో 2022 నుంచి జులై 31 మొదలు డిసెంబర్ 31 దాకా వేట కోసం అవి వాడకూడదు. కింద లోయలో నీళ్ళు పెట్టే లూసర్న్ గడ్డి పొలాలు ఉంటాయి, రాత్రిళ్ళు జింకలు వాటిలోనే ఉంటాయి, తెల్లారకముందే గట్టు ఎక్కేస్తాయి. ఆ పొలాలు సొంత భూములు, యజమాని అనుమతి లేకుండా కాలు పెట్టకు. అనుమతి దొరికితే మాత్రం పొలం నుంచి కొండకి వెళ్ళే దారి మీద పొద్దున కూర్చోవడం నేను పైన చెప్పిన మొత్తానికీ మినహాయింపు, అప్పుడు కిందే ఉండు.

సెలవులు ఎన్ని ఉన్నాయో నువ్వు రాయలేదు. నాలుగే ఉంటే నాలుగూ మొదటి శనివారం నుంచి వరసగా వాడేయకు. మొదటి రెండు రోజులు వెళ్ళు, మిగతా రెండు చేతిలో పెట్టుకుని వాతావరణం చూస్తూ ఉండు. సీజన్ మధ్యలో ఒక చల్లటి గాలి దిగి ఒక్క రోజులో 20 డిగ్రీలు పడిపోయిందంటే, ఆ ముందు సాయంత్రమూ తర్వాతి పొద్దుటా కొండ మీద ఉండు, మీ మేనేజర్‌కి ఏం చెప్తావో నీ ఇష్టం. మందలు ఒక్క రోజులో కిందికి దిగేస్తాయని కాదు, అదే కొండ మీద అవే జింకలు ఇంకో రెండు గంటలు ఎక్కువగా బయట ఉంటాయి, అంతే. పౌర్ణమి గురించి నువ్వు అడగలేదు, నేను చెప్పను, చెప్తే కింద కామెంట్లలో గొడవ మొదలవుతుంది.

ఇక మీ ఆవిడ ప్రశ్న. నీ ప్రశ్నలన్నిటికంటే ఇదే మంచి ప్రశ్న, దీనికి సరైన జవాబు లేకుండా వేడి రోజున ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. జింకని నీడలోకి తరిమిన ఆ బోలు వెంట్రుకల కోటే చచ్చాక దాని మాంసాన్ని పాడు చేస్తుంది. ఒంట్లో వేడి 100 డిగ్రీల పైన ఉంటుంది, బయటికి పోవడానికి దారి ఉండదు, మందంగా ఉండే వెనక తొడలో తొంటి ఎముక చుట్టూ ఆ వేడి గంటల తరబడి నిలిచిపోతుంది, పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల ఎముక దగ్గర పులిసిపోతుంది. నాకు జరిగింది చెప్తాను. ఒక వెచ్చటి అక్టోబర్‌లో పొద్దున 9కి ఒక మగజింకని కొట్టాను. ఫొటోలు తీసుకున్నాను, ఇద్దరు మిత్రులకి ఫోన్ చేశాను, పేగులు తీశాను గానీ తోలు తీయలేదు, "ఇంటికి వెళ్ళి తీద్దాం, దుమ్ము అంటకుండా ఉంటుంది" అనుకున్నాను, బండి దాకా లాక్కొచ్చేసరికి 2 దాటింది. రాత్రి ఇంట్లో కోస్తే రెండు తొడలూ ఎముక పక్కన ఆకుపచ్చగా, పుల్లటి వాసన. పారేశాను. ఆ రాత్రి పడుకోలేదు, మాంసం పోయిందని కాదు, ఒక ప్రాణం తీసి చెత్తబుట్టలో వేశానని. తినదగిన మాంసాన్ని వృథాగా పాడు చేయడం ఇక్కడ చట్టప్రకారం కూడా నేరమే, కానీ నన్ను పొడిచింది చట్టం కాదు.

కాబట్టి: పడిన చోటే తోలు తీసేయి. ట్యాగ్ (కొట్టిన జంతువుకి కట్టే పర్మిట్ చీటీ) ఎప్పుడు ఎలా కట్టాలి, మగదని చూపే ఆధారం ఏది మాంసంతో ఉంచాలి అన్నది ఆ ఏటి గైడ్‌బుక్‌లో ముందే చదివి ఫోన్‌లో పెట్టుకో, కత్తి పట్టుకున్నాక చదవలేవు. పొట్ట తెరవకుండానే నాలుగు కాళ్ళు, వీపు కండలు విడదీసే పద్ధతి ఒకటుంది, దాన్ని వీడియోలో పదిసార్లు చూసుకుని వెళ్ళు, ఎండలో అదే త్వరగా అవుతుంది. కాళ్ళని పలుచటి నూలు సంచుల్లో వేసి నీడలో, గాలి తగిలే కొమ్మకి వేలాడదీయి. ప్లాస్టిక్ సంచి వద్దే వద్దు, ఉక్కపోస్తుంది. దూరం ఎక్కువైతే వెనక తొడల్లో ఎముక కూడా అక్కడే తీసేయి, మోసే బరువూ తగ్గుతుంది, వేడీ పోతుంది. మంచి మగజింక నుంచి సుమారు 50 నుంచి 70 పౌండ్ల మాంసం వస్తుంది, ఒక్కడివే అయితే రెండు విడతలు, మొదటి విడత బండికి చేరగానే పెట్టెలో పెట్టి మూత వేసి మళ్ళీ పరిగెత్తాలి. బండిలో రెండు పెద్ద కూలర్లు, వాటిలో ఇంట్లోనే గడ్డకట్టించిన నీళ్ళ క్యాన్లు ఉంచు, విడి ఐస్ అయితే కరిగి మాంసం నీళ్ళలో నానుతుంది, అది ఇంకో రకం నాశనం. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి ఎంత త్వరగా తెస్తే అంత మంచిది.

దీని వల్ల ఎప్పుడు కొట్టాలి అన్నది కూడా మారుతుంది, కొత్తవాళ్ళకి ఇది తోచదు. 9,000 అడుగుల ఎత్తులో పగలు 65 ఉన్నా, గాలి పొడిగా ఉండి ఆకాశం తేటగా ఉంటే రాత్రి చాలాసార్లు నీళ్ళు గడ్డకట్టే దాకా దిగుతుంది. సాయంత్రం కొట్టి, తోలు తీసి, రాత్రంతా చెట్టుకి వేలాడదీసిన మాంసం తెల్లారేసరికి ఫ్రిజ్‌లోంచి తీసినట్టు ఉంటుంది. పొద్దున 9కి కొడితే నీకూ సూర్యుడికీ పందెం. కానీ సాయంత్రానికి ఇంకో ప్రమాదం ఉంది: చివరి వెలుతురులో దూరపు గురి తీసి, తూటా సరిగ్గా తగలక, చీకట్లో నెత్తుటి జాడ పోగొట్టుకుంటే మాంసమూ పోతుంది, ఆ జంతువూ నరకం పడుతుంది. అందుకని నా పద్ధతి చెప్తాను, నువ్వు నీది పెట్టుకో. పొద్దున అయితే బండికి రెండు గంటల లోపు మోయగలిగే చోటే కొడతాను. సాయంత్రం అయితే 200 గజాల లోపు, పక్కకి తిరిగి నిలబడి ఉంటేనే. ఈ రెండిటికీ సరిపోని జింకని చూస్తూ వదిలేసిన సాయంత్రాలు నాకు ఉన్నాయి. నీ జనరల్ సీజన్ పర్మిట్‌కి కొమ్ము 5 అంగుళాలు దాటిన మగది కావాలి, అది కూడా నీడలో తొందరపడి చూస్తే చెవి కొమ్ములా కనపడుతుంది, జాగ్రత్త. తుపాకి సీజన్‌లో తల, ఛాతీ, వీపు మీద కలిపి 400 చదరపు అంగుళాల ఆరెంజ్ తప్పనిసరి, ఎండగా ఉందని చొక్కా విప్పి సంచిలో పెట్టకు, పోయినేడు టీషర్ట్ మీద తిరిగాం అన్నావు కదా, అందుకే చెప్తున్నాను.

జబ్బుల గురించి రెండు మాటలు. వేడి శరదృతువుల్లో మొదటిసారి నీళ్ళు గడ్డకట్టే చలి వచ్చేదాకా చిన్న కుట్టే పురుగులు బతికే ఉంటాయి, వాటి వల్ల జింకలకి రక్తస్రావపు జబ్బు వస్తుంది, నీటి పక్కన చచ్చి పడి ఉన్న జింకలు కనపడితే ముట్టుకోకుండా రాష్ట్ర వన్యప్రాణి శాఖకి చెప్పు. ఆ జబ్బు మనుషులకి రాదు, కానీ నీరసంగా, చొంగ కారుస్తూ ఉన్న జింకని కొట్టకు, తినకు. రెండోది క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, మెదడు దెబ్బతిని జింక చిక్కిపోయి చచ్చే జబ్బు, దీనికి వేడితో సంబంధం లేదు, 1967లో కొలరాడో ఫోర్ట్ కాలిన్స్ దగ్గర మ్యూల్ డీర్‌లోనే మొదట గమనించారు, యూటాలోనూ ఉంది. మనిషికి సోకినట్టు ఇప్పటిదాకా రుజువు లేదు, అయినా పాజిటివ్ వచ్చిన జింకని తినవద్దనే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. తలని పరీక్షకి ఇచ్చి, ఫలితం వచ్చేదాకా ఫ్రీజర్‌లో ఉంచు, మెదడు, వెన్నుపాము జోలికి పోకు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే దీని మీద బేరం లేదు.

మీ ఆవిడకి చెప్పు: త్వరగా చల్లబడిన మ్యూల్ డీర్ మాంసంతో కూర చేస్తే అంతగా వాసన రాదు, వచ్చే వాసన ఎక్కువగా దాని కొవ్వుది. మేక కొవ్వు లాగా రుచి ఉంటుందని వదిలేయకండి, ఇది నోట్లో మైనంలా అంటుకుంటుంది, తెల్లటిదంతా, కండల మీది పొరతో సహా కోసి పడేయండి. కొవ్వు తీసేశాక మాంసం బాగా పొడిగా ఉంటుంది కాబట్టి నూనె కాస్త ఎక్కువ వేసుకోవాలి. తొడ ముక్కలు పెరుగు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి ఒక రాత్రి ఉంచి, కుక్కర్‌లో మటన్ కంటే రెండు కూతలు ఎక్కువ రానివ్వండి, గోంగూర వేస్తే ఇంకా బాగుంటుంది. వీపు కండలు మాత్రం కూరకి వాడొద్దు, వాటిని మిరియాలు, ఉప్పు వేసి పెనం మీద వేయించుకోండి. గోంగూర దొరకలేదంటే నాకు రాయి, మా పెరట్లోది ఎండబెట్టి డబ్బాలో పెట్టాను, సీజన్ లోపు పంపిస్తాను.